గుండ్లకొండలో లంగరెత్తిన ఓడ

మా ఊళ్ళో సముద్రం లేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా ఆఫీసు బోర్డు చూసిన కొత్తవాళ్ళు, అది వెనకవైపు ఎక్కడో ఉంటుందేమోనని గోడ చుట్టూ తిరిగి వస్తుంటారు. వెనకవైపు ఉన్నది సైకిలు స్టాండు. సముద్రం మాట అటుంచి గుండ్లకొండలో ఏరు లేదు, వాగు లేదు, తాగే నీళ్ళు కూడా ట్యాంకరు వస్తేనే. అయినా రాష్ట్ర సముద్ర విహార శాఖ ప్రధాన కార్యాలయం ఉన్నది మా ఊళ్ళోనే. ఆ సంగతి చెప్పుకోవడం మాకెంతో గర్వం.

అప్పట్లో ప్రభుత్వం ఆఫీసులన్నిటినీ జిల్లాలకు సమానంగా పంచింది. పంపకాల రోజున కోస్తా నాయకులు పెందలాడే వచ్చి గొర్రెల పెంపకాన్ని, వేరుశనగ పరిశోధనను, కరువు నివారణను పట్టుకుపోయారు. మా నాయకుడి కారు దారిలో పంచరైంది. ఆయన చేరేసరికి బల్లమీద సముద్రం ఒక్కటే మిగిలింది. వట్టిచేతులతో ఊళ్ళోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలని దాన్నే తెచ్చేశాడు. ఊరేగింపు కూడా చేశాం.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు వన్నూరప్ప. రూల్సంటే నాకు భక్తి. రూలు ఉన్నచోట ఆలోచించే బాధ ఉండదు.

మా అందరిలో సముద్రానికి కాస్త దగ్గరగా ఉన్న మనిషి డ్రాఫ్ట్స్‌మన్ తిప్పేస్వామి. మ్యాపుల్లో సముద్రానికి నీలం రంగు వేసేది ఆయనే. మామూలు రోజుల్లో లేత నీలం, తనిఖీ ఉందంటే ముదురు నీలం. ఆయన భార్య హంపక్క ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో నిలబడి, "మా ఆయప్ప సముద్రంలో పనిచేస్తాడు" అని చెప్పుకునేది. చెప్పగా చెప్పగా ఒకనాడు ఆమెకే అనుమానం వచ్చింది.

"ఇంతకీ అది ఎట్లుంటాదయ్యా?" అని మొగుణ్ణి అడిగింది.

"నాకేం తెలుసే, నేను ఆఫీసులో గదా ఉండేది" అన్నాడు తిప్పేస్వామి.

ఆనాటినుంచి ఆమెకు సముద్రం చూడాలని పట్టుకుంది. మా బస్టాండునుంచి నెల్లూరు బస్సు రోజూ పోతుంది. అది ఎక్కి, నెల్లూరులో ఇంకో బస్సు మారితే చాలు. కానీ తిప్పేస్వామికి పట్టుదల. "సముద్రం మా డిపార్టుమెంటు. దాన్ని సూసేదానికి మనమే టికెట్టు గొనుక్కొని, జాతరకు పోయినట్ల పోతే నా మర్యాదేం గావల్ల? ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసే తీసకపోతాది, ఓర్చుకో" అనేవాడు. ఆమె ఓర్చుకుంది. ఓర్చుకుంటూ ఉండగానే ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆ ఎండాకాలం దాటితే ఆయన రిటైరు. మధ్యాహ్నం పూట ఆయనా నేనూ ఒకే బల్ల దగ్గర అన్నం తినేవాళ్ళం కాబట్టి ఈ సంగతులన్నీ నాకు తెలుసు. కూర ఎలా ఉందో చెప్పకుండా ఎప్పుడూ ఇదే చెప్పేవాడు.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఉత్తర్వు.

ఆ ఏడు ప్రభుత్వానికి నీలి ప్రగతి మీద మోజు పుట్టింది. ప్రతి శాఖా నీలిమయం కావాలన్నారు. పశువుల ఆసుపత్రివాళ్ళు ఎద్దుల కొమ్ములకు నీలం పూశారు. రెవెన్యూవాళ్ళు నీలం చొక్కాలు కుట్టించుకున్నారు. మాది పుట్టుకతోనే నీలి శాఖ గనక మేము ఇంకా ఏదో పెద్దది చేయాల్సి వచ్చింది. సింధుమాల అని దక్షిణాన ఒక దీవుల దేశం ఉందట. కొబ్బరిచెట్లు, తెల్ల ఇసుక, పగడాలు, ఏడాది పొడుగునా ఎండ. మా అధికారులు సతీసమేతంగా ఒక విహార నౌకలో ఆ దేశమంతా తిరిగి, అక్కడివాళ్ళు వచ్చినవాళ్ళకు సముద్రాన్ని ఎలా చూపిస్తున్నారో అధ్యయనం చేసి రావాలని ఉత్తర్వు. వెంట సాంకేతిక సిబ్బంది నుంచి ఒకరిని, భార్యతో సహా, తీసుకెళ్ళవచ్చు. మా ఆఫీసులో సాంకేతిక సిబ్బంది మొత్తం కలిపి తిప్పేస్వామే.

ఆ కాగితం పట్టుకుని ఆయన చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. తరవాత పర్మిషను కూడా అడక్కుండా ఇంటికి పరిగెత్తాడు. సర్వీసులో అదే మొదటిసారి. సాయంత్రానికి హంపక్క జొన్నరొట్టెలు కాల్చడానికి పిండి విసిరించింది, చెనక్కాయల పొడి కొట్టింది. సముద్రంలో కట్టుకోవడానికి నీలం చీర వద్దని, నీళ్ళలో కలిసిపోయి కనపడనని, పసుపు చీర తీసి ఇస్త్రీ చేయించింది.

మా జాయింట్ డైరెక్టరు చిదానందమూర్తిగారు యాత్రా ప్రణాళిక కోసం సమావేశం పెట్టారు. ఆయన మామూలు మాటలు మాట్లాడరు. ఆయన నోరు తెరిస్తే ఉత్తర్వు వస్తుంది.

"ప్రణాళిక సమగ్రముగాను, లోపరహితముగాను, ఆడిటు అభ్యంతరములకు అతీతముగాను ఉండవలెను. ఆ తరువాతనే సముద్రము" అన్నారు. "ప్రథమాంశము, దీవుల క్రమము. ఏ దీవికి ముందుగా వెళ్ళినను తక్కిన దీవుల మనోభావములు దెబ్బతిను అవకాశము కలదు. కావున అకారాది క్రమమున సందర్శించవలెను."

తిప్పేస్వామి అకారాది క్రమంలో దీవులను కలుపుతూ గీత గీసుకొచ్చాడు. పిల్లి ఆడుకుని వదిలేసిన దారపుండలా ఉంది.

"సార్, ఈ రెండు దీవులూ పక్కపక్కనే ఉండాయి. కేకేస్తే ఇనపడతాది. మన లెక్కన పోతే దీన్నుంచి దానికి పోయేదానికి దేశమంతా ఒక సుట్టు తిరగల్ల" అన్నాడు భయం భయంగా.

"పక్కపక్కన నుండుట వాటి వ్యక్తిగత విషయము" అన్నారు చిదానందమూర్తిగారు.

అప్పుడు అకౌంట్సాఫీసరు కుముదవల్లిగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచరు. పెంచే అవసరం రాదు. "యాత్ర ఎక్కడ మొదలవుతుంది సార్?" అని అడిగారు.

"ఓడరేవులో."

"కుదరదండి. ఏ టూరైనా హెడ్‌క్వార్టర్సులో మొదలై హెడ్‌క్వార్టర్సులో ముగియాలి. ఇది నౌకాయాత్ర అని ఉత్తర్వులోనే ఉంది. కాబట్టి నౌకలోనే మొదలవ్వాలి, ఇక్కడే మొదలవ్వాలి."

అందరం కిటికీలోంచి బయటికి చూశాం. కాంపౌండులో వేపచెట్టు నీడలో ఒక మేక నిలబడి ఉంది. నీడ దాని ఒంటికి సగం వరకే వచ్చింది.

చిదానందమూర్తిగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, "సరియే. నౌకను హెడ్‌క్వార్టర్సునకు రప్పించవలెను" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను మినిట్సులో రాసుకున్నాను. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. రూలంటే రూలే.

నౌక వచ్చింది. బోలెడన్ని చక్రాల లారీమీద, ముందొక జీపు, వెనకొక జీపు, కరెంటు తీగలను వెదురుబొంగులతో ఎత్తిపట్టుకున్న మనుషులు. ఊరు ఊరంతా రోడ్డుమీదికి వచ్చింది. తెల్లగా, కోటేరు ముక్కుతో, పైన తెరచాప కొయ్యతో ఎంత బాగుందో చెప్పలేను. ఆడవాళ్ళు హారతిచ్చారు. ముక్కుకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. క్రేను దాన్ని కాంపౌండులో దింపి దుంగలమీద నిలబెట్టింది. హంపక్క దాని పొట్టమీద చెయ్యి వేసి, "తడిగుంటాదేమో అనుకొంటి" అంది.

నౌకతోపాటు దాన్ని నడిపే సారంగు నూకరాజు వచ్చాడు. ఉత్తర కోస్తా మనిషి. దిగుతూనే నాలుగువైపులా చూసి, "ఏటి బాబూ, నీళ్ళు ఎటేపున్నాయి?" అని నన్నడిగాడు.

"టూరు మొదలైన తరవాత ఉంటాయి" అన్నాను.

"మీరెలగంటే అలగే" అన్నాడు. ఉద్యోగం కుదుర్చుకుని వచ్చినవాడు గనక ఎక్కువ అడగలేదు.

ఇక ప్రారంభోత్సవం. మంత్రిగారు వచ్చి జెండా ఊపాలి. ఆయన ఎక్కడో ఎండలో నిలబడి ఊపితే బాగుండదని, గేటు దగ్గర కాంక్రీటు ముఖద్వారం ఒకటి ఆగమేఘాలమీద కట్టించారు. దానికి రెండువైపులా డాల్ఫిన్లు పెట్టమన్నారు. మేస్త్రీ డాల్ఫిన్ను ఎప్పుడూ చూసినవాడు కాదు, అందుకని చెవులు కూడా పెట్టాడు. మధ్యలో మంత్రిగారి పేరుతో నల్ల శిలాఫలకం. మంత్రిగారు ఫలకాన్ని ఆవిష్కరించారు, ముఖద్వారం బ్రహ్మాండంగా ఉందన్నారు, జెండా ఊపారు, ఇంకో ఊరి పనుందని వెళ్ళిపోయారు. నౌకను మళ్ళీ లారీకి ఎక్కించారు. బ్యాండు మోగింది. లారీ ముందుకు కదిలింది. తెరచాప కొయ్య పోయి ముఖద్వారానికి తగిలి ఆగింది.

కొయ్య విప్పారు. అప్పుడు నౌక మీది గది కప్పు తగిలింది.

"లోనికొచ్చినప్పుడు ఈ గుమ్మం నేదు గదా బాబూ" అన్నాడు నూకరాజు.

"ముఖద్వారమునకు మంత్రివర్యుల నామధేయముతో శిలాఫలకము కలదు. దానిని తాకవలెనన్న మంత్రిమండలి ఆమోదము అవసరము" అన్నారు చిదానందమూర్తిగారు. పోనీ గోడ పగలగొడదామంటే గోడ మాది కాదు, భవనాల శాఖది. దాన్ని కట్టడానికే వాళ్ళకు ఏళ్ళు పట్టింది. క్రేనుతో గోడ దాటిద్దామంటే, క్రేను టెండరు నౌకను కాంపౌండులో ఎక్కించి దించడం వరకే. ఉన్నదాన్ని మళ్ళీ దుంగలమీదికి దించి, క్రేనువాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అందరూ చిదానందమూర్తిగారి మొహం చూశారు. టూరు తేదీలు ప్రభుత్వం ఖరారు చేసినవి. మార్చే అధికారం ఎవరికీ లేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నౌక ఎచ్చట నున్నది అనునది సాంకేతిక విషయము. యాత్ర ప్రారంభమైనది అనునది పరిపాలనా విషయము. ఈ రెండింటిని కలుపరాదు. అందరును నౌక ఎక్కవలెను."

కుముదవల్లిగారు తల ఊపారు. "హెడ్‌క్వార్టర్సులోనే మొదలైంది. నాకేం అభ్యంతరం లేదు" అన్నారు.

నిచ్చెన వేసి ఎక్కాం. టూరు గుమాస్తాగా నేను కూడా. గదులు సీనియారిటీ ప్రకారం పంచారు. లైఫ్ జాకెట్లు హోదాను బట్టి ఇచ్చారు. చిదానందమూర్తిగారికి రెండు. దీవి వస్తే తప్ప ఎవరూ కిందికి దిగకూడదని నియమం. నూకరాజు చుక్కాని పట్టుకుని, "లంగరెత్తేత్తన్నా!" అని గట్టిగా అరిచాడు. వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఆయనకు ఆ పని నామోషీగా లేదా అని తరవాత అడిగాను. "నామోషీ ఏటి బాబూ? తుపాను భయం నేదు, ఇంటికాడ మాయావిడ నిద్దరోతది" అన్నాడు.

మా ఆఫీసు గదులే దీవులయ్యాయి. క్యాంటీను సింధుమాల రాజధాని. రికార్డు గది పగడాల దీవి. సైకిలు స్టాండు తాబేళ్ళ అభయారణ్యం. క్యాంటీను పక్కనే సైకిలు స్టాండు ఉన్నా అకారాది క్రమం తప్పకూడదు గనక ఆఫీసంతా ఒక చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం. రాజధానిలో దిగిన పూట చిదానందమూర్తిగారు క్యాంటీను నబీసాబుకు శాలువా కప్పి, ఉభయ దేశాల మైత్రి గురించి మాట్లాడారు. నబీసాబు శాలువా మడిచి పక్కన పెట్టుకుని, "ఉప్మా అయిపోయింది సార్, టీ ఉంది" అన్నాడు. దాన్ని ద్వీపవాసుల ఆతిథ్య విధానం అనే శీర్షిక కింద రాశాను.

ఎండదెబ్బకు ఒకరిద్దరు అధికారుల భార్యలకు వాంతులయ్యాయి. సముద్రయానంలో ఇది సహజమని సర్క్యులరు వేశాం. ట్యాంకరు వచ్చిన పూట కాంపౌండులో నీళ్ళు ఒలికేవి. దానికి ఆటుపోట్లు అని పేరు పెట్టాం. బిందెలు పట్టుకుని వచ్చిన జనం నౌకలోవాళ్ళను చూసి చేతులూపితే, స్థానికులు స్నేహశీలురు అని రాశాం. అసత్యం ఒక్క ముక్క లేదు. వాళ్ళు నిజంగానే మంచివాళ్ళు.

హంపక్క మాత్రం పసుపు చీర కట్టుకుని నౌక ముక్కు దగ్గర కూర్చుని, చెవుల డాల్ఫిన్ల వంక చూస్తుండేది. "ఎప్పుడొస్తాదయ్యా సముద్రం?" అని రోజూ అడిగేది.

"వస్తాదే. ఆ ఆర్చి తీసేస్తే బోవడమే. దానికి ఫైలు పోయింది" అనేవాడు తిప్పేస్వామి. నిజంగానే నమ్మాడు. రొట్టెలు ఎండి అప్పడాలయ్యాక కూడా నమ్మాడు. నాకు ఆయన్ను చూస్తే బాధగా ఉండేది, కానీ నేనూ ఏమీ అనలేదు. ఫైలు పోయిన మాట నిజం. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. అది పగడాల దీవిలోనే ఉంది.

దీవులన్నీ అయిపోవచ్చాయి. ఒక సాయంత్రం చిదానందమూర్తిగారు అందర్నీ పైకి పిలిచి ముగింపు ఉత్తర్వు చదివారు. "యాత్ర దిగ్విజయముగా పూర్తి కానున్నది. పాల్గొన్న వారందరికిని సముద్రానుభవ ధ్రువపత్రము ఇవ్వబడును. ఒక ఉద్యోగికి సర్వీసు మొత్తములో ఒక్క పర్యాయము మాత్రమే సముద్రము అనుమతింపబడును గనుక, వీరెవ్వరును మరల దరఖాస్తు చేయరాదు."

తిప్పేస్వామి లేచి నిలబడ్డాడు. "సార్, మేము సముద్రం సూడ్లేదు గదా?"

"ధ్రువపత్రములో చూచినట్లున్నది" అన్నారు ఆయన. విసుక్కోలేదు, దయగానే చెప్పారు.

తిప్పేస్వామి కూర్చున్నాడు. ఆయన మొహం చూడలేక నేను చుక్కాని వైపు తిరిగాను. కాసేపటికి హంపక్క మాట వినపడింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఏమయ్యా. నేను సూడల్లన్నది నీ డిపార్టుమెంటును కాదు. సముద్రాన్ని."



మర్నాడు పొద్దున హాజరు పిలిచినప్పుడు తిప్పేస్వామి దంపతులు లేరు. మంచం కింద చూశాం, మరుగుదొడ్డి తలుపు కొట్టాం. లేరు. చిదానందమూర్తిగారి మొహం పాలిపోయింది.

"నడిసముద్రమున ఇరువురు యాత్రికులు అదృశ్యము! గాలింపు చేపట్టవలెను!"

నూకరాజు గంట కొట్టాడు. గాలించాలంటే కిందికి దిగాలి, దీవి రానిదే దిగకూడదు. రక్షణ పడవకైతే ఆ నిబంధన వర్తించదని కుముదవల్లిగారు గుర్తుచేశారు. మా రక్షణ పడవ సైకిలే. ఇద్దరు అటెండర్లు లైఫ్ జాకెట్లు తొడుక్కుని సైకిళ్ళమీద కాంపౌండు చుట్టూ తిరిగారు. చిదానందమూర్తిగారు దుర్భిణీ పెట్టుకుని మేకను రెండుసార్లు పిలిచారు.

అంతలో నా ఫోను మోగింది. ఫొటో వచ్చింది. తిప్పేస్వామి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడ్డాడు. పక్కన పసుపు చీరలో హంపక్క, ఒక చేత్తో కుచ్చెళ్ళు, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుని. నోరు తెరుచుకుని నవ్వుతోంది. వాళ్ళ వెనక అంతా అదే. ఆయన వేసే నీలం కాదది. మట్టి కలిసిన, వెండి కలిసిన ఏదో రంగు. పేరు నాకు తెలియదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరవాత అసూయ పుట్టింది. ఇదీ దాచను.

ఫోను జేబులో పెట్టుకునేలోపల కుముదవల్లిగారు భుజంమీదుగా చూసేశారు.

"నెల్లూరు బస్సు ఎక్కారన్నమాట" అన్నారు.

చిదానందమూర్తిగారు ఫొటోను చాలాసేపు చూశారు. అంతసేపు ఎందుకు చూశారో అప్పుడు నాకు తట్టలేదు. తరవాత మెమో రాయమన్నారు. రాసింది నేనే: "అధికారిక సముద్రయానమునందు ఉండవలసిన సమయమున, అనుమతి లేకుండ నడిసముద్రమున నౌకను వీడి, సముద్రమునందు కనబడినందులకు, మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను." భాష విషయంలో నాకు తృప్తిగానే ఉంది. కానీ సంతకానికి పంపబుద్ధి కాలేదు. మెమో తేలకుండా రిటైరైతే పింఛను ఆగిపోతుంది. మా ఆఫీసులో మెమో తేలిన మనిషిని నేను చూడలేదు. ఆ ఇద్దరూ ఒకసారి అలను తాకినందుకు ముసలితనమంతా మా గుమ్మం చుట్టూ తిరగాలి.

తిప్పేస్వామి తిరిగొచ్చాడు. ముక్కుమీద తోలు ఊడుతోంది, నడక మారింది. మెమో తీసుకుని అక్కడికక్కడే జవాబు రాసిచ్చాడు. "నౌక దిగిన మాట నిజము. నిచ్చెన మీద దిగి, వేపచెట్టు పక్కన నడిచి, బస్టాండుకు పోయినాను."

చిదానందమూర్తిగారు దాన్ని గట్టిగా చదివి, "నేరము అంగీకరించినాడు" అన్నారు.

నాకు ఒక సందేహం వచ్చింది. సందేహం ఉంటే పైఅధికారి దృష్టికి తీసుకురావాలని రూలుంది గనక తెచ్చాను. "సార్, మెమోలో నడిసముద్రం అని రాశాం. ఈయనేమో నడిచానంటున్నాడు. నడిచాడని మనం ఒప్పుకుంటే అక్కడ నేల ఉందని ఒప్పుకున్నట్టు."

కుముదవల్లిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేల ఉంటే నౌకాయాత్ర జరగనట్టు. జరగకపోతే బిల్లులన్నీ వెనక్కి. అందరివీ" అన్నారు మెల్లగా.

చిదానందమూర్తిగారు నుదుటి చెమట తుడుచుకున్నారు. "నడుచుట అసంభవము" అన్నారు చివరికి. "ఈదియుండును."

"మరి ఆమె?" అన్నాను.

"ఆమెయును ఈదియుండును."

"సింధుమాల నుంచి నెల్లూరు దాకా సార్?"

"వ్రాయుము."

రాశాను. మెమో రద్దయింది. ఈత రాని ఊళ్ళో పుట్టిన ఇద్దరు మనుషులు నడిసముద్రంనుంచి స్వదేశ తీరానికి ఈదుకుంటూ చేరినందుకు శాఖ తరఫున ప్రశంసాపత్రం తయారైంది. ఆయన రిటైరైన రోజున నౌక కిందనే సభ పెట్టి, దంపతులకు శాలువాలు కప్పి, ఒక్కొక్కరికి ఒక్కొక్క లైఫ్ జాకెట్టు బహూకరించారు. నాలుగు మాటలు మాట్లాడమని హంపక్కకు మైకు ఇచ్చారు. ఆమె మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"సముద్రం పెద్దగుంది నాయనా. నేననుకున్నదానికన్నా పెద్దగుంది. అన్ని నీళ్ళున్నాయా, ఆడ ఒక్క ఆఫీసరు గూడా ల్యా. అయినా అలలు వాటి పాటికవి వస్తాండాయి, పోతాండాయి. ఒక్కటి గూడా సెలవు పెట్టల్యా."

అందరూ చప్పట్లు కొట్టారు. చిదానందమూర్తిగారు కొట్టలేదు. నోరు కొంచెం తెరిచి వింటున్నారు.

మర్నాడు ఆయన నన్ను పిలిచి నోట్ రాయించారు. అలలు పర్యవేక్షణాధికారి లేకుండా రాకపోకలు సాగించుచున్నట్లు దృష్టికి వచ్చినందున, తీరమున ఒక పోస్టు మంజూరు చేయవలెనని. నేను ఎప్పటిలాగే నీట్‌గా టైపు చేసి పెట్టాను. దానికింద నా సెలవు చీటీ కూడా పెట్టాను. మధ్యాహ్నం బల్ల దగ్గర ఒక్కణ్ణే తినడం నావల్ల కావడం లేదు. ఆ ఫొటో తీసి తీసి చూసుకుంటున్నాను. సెలవు ఎందుకు అన్నచోట చాలాసేపు ఆలోచించి, "సముద్రం చూడలేదు" అని రాశాను.

సాయంత్రానికి రెండూ తిరిగొచ్చాయి. నోట్ మీద ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది. సెలవు చీటీ మీద, అదే సిరాతో, అదే దస్తూరీతో, కొంచెం చిన్న అక్షరాల్లో ఇలా ఉంది:

"నేనును చూడలేదు. రెండు టికెట్లు తీయవలెను. సీనియారిటీ ప్రకారము కిటికీ పక్క సీటు నాది."